గీత సర్పంచి గుమ్మం ముందేనా?

ప్రజలకు అందాల్సిన సేవలను స్థానిక సంస్థలు ఇష్టం వచ్చినట్టు కాంట్రాక్టుకు ఇవ్వకుండా రాష్ట్రమే చట్టంతో హద్దు పెట్టాలని కార్మిక సంఘాలు చాలా ఏళ్లుగా అడుగుతున్నాయి. చెత్త ఎత్తడం, మంచినీటి పంపు నడపడం, ఆస్పత్రి వార్డు కడగడం, బడిలో వంట చేయడం ఎప్పుడూ ఉండే పనులు. వీటిని టెండర్లలో పెట్టి మనుషుల చేత సగం జీతానికి చాకిరీ చేయించకూడదన్నది వారి వాదన. మన ఉపాధ్యాయ సంఘాల సభల్లో కూడా ఇలాంటి తీర్మానాలకు చేతులు లేస్తాయి. నేనూ ఎత్తుతాను. కానీ ఆ తీర్మానాన్ని ఏజెన్సీకి తెచ్చి చదివితే అందులో ఒక పెద్ద ఖాళీ కనబడుతుంది. దాని గురించి మన యువకులు, మన టీచర్లు మాట్లాడుకోవాలనే ఈ వ్యాసం.

ముందు ఒక లెక్క చూద్దాం. మన గిరిజన పంచాయతీ ఇంతవరకు ఏ సేవను తనంతట తాను కాంట్రాక్టుకు ఇచ్చింది? బడికి వచ్చే బియ్యం పౌర సరఫరాల గోదాము నుంచి వస్తుంది. గుడ్డు, చిక్కీ పైన ఎక్కడో టెండర్ దక్కించుకున్న సప్లయర్ మనుషులు తెచ్చి దింపుతారు. అంబులెన్సు రాష్ట్ర స్థాయి ఒప్పందం మీద నడుస్తుంది. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు పాఠం చెప్పినా సీఆర్టీ గానే మిగిలిపోయిన మన తమ్ముడి నియామకం, జీతం, కొనసాగింపు అన్నీ పై కాగితాల మీద ఆధారపడి ఉంటాయి. వీటిలో ఏ కాగితం మీదా సర్పంచి సంతకం లేదు. ఇక గ్రామసభ మాట చెప్పనక్కరలేదు.

పట్టణాల సంగతీ పూర్తిగా వేరేం కాదు. పారిశుధ్యాన్ని ప్యాకేజీలుగా కాంట్రాక్టుకు ఇచ్చే జీవో 279ని రద్దు చేయాలని ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ కార్మికులు సమ్మెలు చేశారు. ఆ జీవో తెచ్చింది మున్సిపల్ కౌన్సిళ్లు కాదు, రాష్ట్ర ప్రభుత్వం. తెలంగాణలో పంచాయతీ కార్మికుడి చేత ఊడ్పు, నీళ్లు, ట్రాక్టరు అన్నీ చేయించే మల్టీపర్పస్ విధానం జీవో 51తో వచ్చింది. జీతం పంచాయతీ నిధిలోంచి, విధానం హైదరాబాదు నుంచి. కాబట్టి స్థానిక సంస్థలు విచ్చలవిడిగా కాంట్రాక్టులు ఇస్తున్నాయనీ, రాష్ట్రం వాటిని అదుపు చేయాలనీ అనుకోవడం మన దగ్గర తలకిందుల మాట. దొంగను పట్టుకోమని తాళం దొంగకే ఇచ్చినట్టు కాకపోయినా, కట్టడి చేయాల్సిన చేయి ఏదో తెలుసుకోకుండా సంకెల తయారు చేయడమే అవుతుంది.

హద్దులు అసలు లేవా అంటే, ఉన్నాయి. చాలామంది టీచర్లకు కూడా తెలియని ఒక నిబంధన చెబుతాను. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం, సెక్షన్ 5, సబ్ సెక్షన్ 2. ప్రతి బడిలో, ప్రతి అంగన్‌వాడీలో వంట చేయడానికి, మంచినీటికి, పారిశుధ్యానికి వసతి ఉండాలని అది చెబుతుంది. కేంద్రీకృత వంటశాలల నుంచి భోజనం తెచ్చుకునే వీలు అవసరమైన చోట పట్టణ ప్రాంతాలకు మాత్రమే ఇచ్చింది. అంటే పల్లెలో, గూడెంలో పిల్లల అన్నం ఆ బడిలోనే ఉడకాలి. సేవను ఊరు దాటించి అప్పగించడానికి పార్లమెంటు గీసిన గీత ఇది. సుప్రీంకోర్టు గీసిన గీతలూ ఉన్నాయి. ఆహార హక్కు కేసులో 2001 నవంబరు 28న వండిన భోజనమే పెట్టాలని చెప్పింది. 2004 ఏప్రిల్ 20న వంటవారి నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 7న అంగన్‌వాడీల్లో పౌష్టికాహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడకూడదని, గ్రామ సమూహాలు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్లే గింజలు కొని వండేలా చూడాలని ఆదేశించింది.

ఇరవై ఏళ్లు దాటింది. అంగన్‌వాడీ గుడ్డు ఇంకా టెండర్ మీదే వస్తోంది. కోడి మన పెరట్లో ఉంటుంది, గుడ్డు మైదానం నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి వస్తుంది. చోళ్లు, సామలు, కొర్రలు మన పోడు చేలో పండుతాయి, పొడి రూపంలో ప్యాకెట్టులో తిరిగి మన దగ్గరికే వస్తాయి. ఇది ఎవరో ఒక్కరి అవినీతి అని నేను అనడం లేదు. ఇక్కడ కొనుగోలు చేసే అధికారమే మన దగ్గర లేదు. "కాంట్రాక్టర్లను వాడకూడదు" అన్న ఆదేశం ఎవరిని ఉద్దేశించింది? ప్రభుత్వాన్ని. అది అమలవుతోందో లేదో చూడాల్సింది ఎవరు? ఆ ప్రభుత్వమే. వాడకూడదని చెప్పించుకున్నవాడే వాడుతున్నాడో లేదో తేల్చే చోట గీత ఎంత లావుగా గీసినా ఒకటే.

గూడెం బడి లెక్క ఒకటి వేసి చూపిస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. 2025 మే 1 నుంచి ప్రాథమిక బడి పిల్లవాడికి రోజుకు వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత బడి పిల్లవాడికి 10 రూపాయల 17 పైసలు. ఇది కేంద్ర పథకం లెక్క. బియ్యం విడిగా వస్తుంది, రాష్ట్రం అదనంగా పెట్టేవి వేరే. పన్నెండు మంది పిల్లలున్న ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ రోజు పప్పు, కూర, నూనె, ఉప్పు, పోపు, వంట చెరుకు అన్నిటికీ కలిపి 81 రూపాయల 36 పైసలు. ఈ డబ్బు కోసం ఏ పెద్ద సంస్థా కొండ ఎక్కదు. పెద్ద సంస్థలకు లాభం వేల పిల్లలున్న పట్టణాల్లో, రోడ్డు పక్క ఊళ్లలో ఉంటుంది. అలాంటి చోట్లన్నీ వారికి పోగా, కొండ మీది పన్నెండు మంది పిల్లలు మన వంట అక్కలకు మిగులుతారు. అన్ని బడులూ కలిసి ఉంటే సగటు మీద గట్టెక్కే పని, విడగొట్టినప్పుడు కష్టమంతా ఒక వైపు, సుఖమంతా ఒక వైపు అయిపోతుంది. కాంట్రాక్టు వల్ల ఖర్చు తగ్గిందని చూపించే లెక్కల్లో ఈ కొండ బడి ఖర్చు ఎప్పుడూ కనిపించదు.

కొండ బడికి కూడా వాహనంలో అన్నం పంపుతామని ఎవరైనా అంటే, వానాకాలం గెడ్డ పొంగినప్పుడు ఆ వాహనం ఎక్కడ ఆగుతుందో మనకు తెలుసు. పొద్దున్నే వండి మూత పెట్టిన సాంబారు మధ్యాహ్నానికి ఏమవుతుందో కూడా తెలుసు. మత నియమాల వల్ల గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి వండని సంస్థలు ఉన్నాయి. వారి నియమం వారిది, తప్పు పట్టను. కానీ రక్తం తక్కువగా ఉన్న మన పిల్లవాడి పళ్లెంలో ఏముండాలో ఆ నియమం తేల్చకూడదు.

ఇక్కడి దాకా నాతో వచ్చిన పాఠకులు చాలామంది, అయితే కాంట్రాక్టు అనేదాన్నే నిషేధించేస్తే పోలేదా అంటారు. నాకు భయం వేసేది ఇక్కడే. ఎందుకంటే ఆ చట్టంలో మన వంట అక్కను ఏమని రాస్తారు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడుల్లో వండిన భోజనం మొదలైనప్పుడు ఆ పనిని డ్వాక్రా మహిళా సంఘాలకు అప్పగించారు. ఆఫీసు భాషలో వారు "వంట ఏజెన్సీ". ఏజెన్సీ అన్న మాట వింటే ఏదో కంపెనీ అనిపిస్తుంది. తీరా చూస్తే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, రెండు డేగిసాలు, కిరాణా కొట్లో ఒక అప్పు ఖాతా. బిల్లు ఆలస్యమైతే వారే సర్దుకోవాలి, కాబట్టి వారు వ్యాపారస్తులు. రోజూ వచ్చి హెడ్మాస్టరు చెప్పిన మెనూ వండాలి, కాబట్టి వారు పనివారు. కనీస వేతనం అడిగితే మీది గౌరవ వేతనం అంటారు, కాబట్టి వారు స్వచ్ఛంద సేవకులు. అవసరాన్ని బట్టి ఒకే మనిషికి మూడు వేషాలు. కేంద్రం 2009లో ఖరారు చేసిన నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే, ఇప్పటికీ కదలలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో తన వాటా కలిపి 3,000 చేసింది. ఆరోజు కొట్టు వాడికి కట్టిన వడ్డీ పోతే ఇంటికి ఎంత పట్టుకెళ్తారో ఏ రికార్డులోనూ ఉండదు.

కాంట్రాక్టుల మీద నిషేధం రాసేటప్పుడు ఈ అక్కను కాంట్రాక్టరు జాబితాలో వేస్తే, చట్టం మొదటి దెబ్బ ఆమెకే తగులుతుంది. పెద్ద సంస్థకు లాయర్లుంటారు, పేరు మార్చుకుంటుంది, ట్రస్టు అవుతుంది, సొసైటీ అవుతుంది. అక్క మాత్రం పోతుంది.

ఇది ఊరికే ఊహించి చెప్పడం లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇదే రకం చట్టం మీద జరిగిన గొడవ చూడండి. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా పరిషత్తు కన్నా చాలా అధికారాలున్న స్థానిక ప్రభుత్వం. ఆస్పత్రులు, మానసిక ఆరోగ్యం, పిల్లల సంరక్షణ వంటివి అది నడుపుతుంది. 2017లో ఏబీ 1250 అనే బిల్లు వచ్చింది. కౌంటీ తన ఉద్యోగులు చేసే పనిని బయటికి ఇవ్వాలంటే నిజంగా ఖర్చు తగ్గుతుందని చూపాలి, ఆ తగ్గింపు ఉద్యోగుల్ని వీధిన పడేయడం వల్ల రాకూడదు, లెక్కలు తనిఖీకి ఇవ్వాలి అని దాని సారం. ఉద్యోగ సంఘాలు బలపరిచాయి. కౌంటీలు వ్యతిరేకించాయి, అది ఊహించిందే. ఊహించని వ్యతిరేకత చిన్న చిన్న సేవా సంస్థల నుంచి వచ్చింది. నిరాశ్రయులకు, రోగులకు తమ పేటల్లో పని చేసే తమను కూడా పెద్ద కంపెనీలతో ఒకే గాటన కట్టారని, ఆ షరతుల బరువు తాము మోయలేమని అవి అన్నాయి. దిగువ సభ దాటిన ఆ బిల్లు ఎగువ సభలో ఆగిపోయింది. 2025లో అదే రాష్ట్రం ఏబీ 339 అని మరో చట్టం చేసింది. ఇందులో నిషేధం లేదు. ఉద్యోగులు చేస్తున్న పనికి స్థానిక సంస్థ టెండర్ పిలవాలంటే 45 రోజుల ముందు వారి యూనియన్‌కు రాతపూర్వకంగా తెలపాలి, అంతే. మొదటి దాని పక్కన ఇది మెత్తగా కనిపిస్తుంది. కానీ అందులో మనకు పనికొచ్చే విత్తనం ఒకటుంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నిర్వచనాల విషయంలో మన దేశపు చట్టాలు ఇంకా వింతగా ఉన్నాయి. 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం శాశ్వత స్వభావం గల పనుల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధించే వీలు ప్రభుత్వానికి ఇచ్చింది. 2003లో ఆంధ్రప్రదేశ్ దానికి సవరణ తెచ్చి "ముఖ్యమైన పని" అనే మాట చేర్చింది. సంస్థను ఏ పని కోసం పెట్టారో ఆ పనిలోనే కాంట్రాక్టు కూడదు. పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, తోటపని లాంటివి ముఖ్యమైన పనులు కావు. 2020 వృత్తి భద్రత కోడ్ ఇదే పద్ధతిని దేశం మొత్తానికి తీసుకుంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం వర్తించాలంటే 50 మంది ఉండాలి. మామూలుగా కాంట్రాక్టరు ద్వారా జరిగే పనైతే ముఖ్యమైన పనిలో కూడా కాంట్రాక్టరు ఉండవచ్చు. ఈ తర్కాన్ని బడికి పట్టించి చూడండి. బడి పెట్టింది చదువు కోసం, కాబట్టి వంట, ఊడ్పు, కాపలా ముఖ్యమైనవి కావు. మరి ఆ మూడు పనులూ ఎవరు చేస్తున్నారు? మన అమ్మలు, మన అక్కలు, మన అన్నలు. చదువు ముఖ్యమైన పని, కాబట్టి అక్కడ శాశ్వత ఉద్యోగం ఉండాలి అంటారా? షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. గీత లోపలి ఉద్యోగంలో మన వాటా తగ్గింది, గీత బయటి ఉద్యోగంలో మనం నిండా ఉన్నాం. గీత గీసినవారు ఇది ఉద్దేశించి చేశారా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, ఫలితం చూడాలి.

ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో ఆప్కాస్ పేరుతో ప్రభుత్వ కార్పొరేషన్ మొదలైంది. జీతంలో కోత కోసుకునే మధ్యవర్తి ఏజెన్సీలను తప్పించడం దాని ఉద్దేశం. మధ్యవర్తి పోవడం మంచిదే. కానీ మనిషి మాత్రం ఔట్‌సోర్సింగ్ మనిషిగానే ఉండిపోయాడు. ప్రభుత్వమే మేస్త్రీ అయింది. హద్దు పెట్టామని చెప్పుకునేటప్పుడు ఈ తేడా దాటేయకూడదు.

ఇక మన అనుభవంలోకి వద్దాం. హద్దుల చట్టాల గురించి ఆదివాసీకి ఒకరు చెప్పక్కరలేదు, మనం హద్దుల చట్టాల మధ్యే పుట్టాం. 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అని పిలిచేది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్పింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, షావుకారు తక్కెడ నుంచి మనల్ని తప్పించడానికి వచ్చింది. 1979 నిబంధనతో అటవీ ఫలసాయం కొనుగోలు దాని చేతికిచ్చారు. ఈ చట్టాలు లేకపోతే ఈ రోజు మన కాళ్ల కింద నేల ఉండేది కాదు, ఇందులో నాకు సందేహం లేదు. అయినా సంత బజారులో మేడలు ఎవరివో, ఆ మేడల పట్టా ఎవరి పేరు మీదుందో మనకు తెలుసు. గీత గీసిన రోజే బినామీ పుడతాడు. ఇసుక రీచ్ గిరిజన సొసైటీకి అంటారు, వెనక లారీలు, యంత్రాలు, పెట్టుబడి మరొకరివి. అందుకే "సేవల కాంట్రాక్టులు గిరిజన సంఘాలకే ఇవ్వాలి" అనే నినాదం వినగానే నాకు పండగ అనిపించదు. సంతకం మనది, సంపాదన వేరొకరిది కాకుండా ఏం చేస్తారో దాని పక్కనే రాయాలి. డబ్బు ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి పోయిందో గ్రామసభలో చదివి వినిపించే ఏర్పాటు లేకుండా ఆ నినాదం బినామీలకు ఆహ్వాన పత్రికే.

ఈ హద్దుల చరిత్రలో ఒకటి మాత్రం మిగతా వాటికన్నా భిన్నమైనది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. 1/70లో "వ్యక్తి" అన్న మాట ఉంది కదా, ఆ మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే ప్రైవేటు కంపెనీకి గనుల లీజు ఇవ్వడానికి వీల్లేదని చెప్పింది. అంతవరకు హద్దు షావుకారుకీ, భూస్వామికీ. ఆ తీర్పుతో హద్దు సచివాలయం గుమ్మం దాకా వెళ్లింది. సేవల విషయంలో ఇప్పుడు కావాల్సింది ఇలాంటి గీత. మంచినీరు, బడి అన్నం, ఆస్పత్రి, ఆశ్రమ పాఠశాల వంటివి కాంట్రాక్టుకు ఇవ్వకూడదని పంచాయతీని కట్టేసే చట్టంలో "స్థానిక సంస్థ" అన్న మాట పక్కన "రాష్ట్ర ప్రభుత్వం, దాని శాఖలు, కార్పొరేషన్లు, ఐటీడీఏ" అని కూడా ఉండాలి. లేకపోతే సర్పంచి చేయకూడనిది కమిషనర్ చేస్తాడు.

ఇందుకు కొత్తగా రాజ్యాంగం రాయనక్కరలేదు. 1996 పెసా చట్టం సెక్షన్ 4లో సామాజిక రంగాలన్నిటిలోని సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు చేసే అధికారం పంచాయతీలకు, గ్రామసభకు ఇవ్వాలని ఉంది. ఖర్చు పెట్టిన నిధులకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభ నుంచి తీసుకోవాలని ఉంది. ఉమ్మడి రాష్ట్రం 1998లో చట్టం చేసింది, నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. బడి, అంగన్‌వాడీ, ఆస్పత్రి సామాజిక రంగాలు కాకపోతే మరేవి? అదుపు చేసే అధికారం ఉన్న సభకు, తన పిల్లల గుడ్డు ఎవరు సరఫరా చేస్తారో తెలుసుకునే అధికారం ఉండదా? ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివిన జీవో ఒక్కటీ నా కంట పడలేదు.

గ్రామసభకు అధికారం ఇస్తే అంతా బాగుపడుతుందని చెప్పేంత అమాయకత్వం నాకు లేదు. మన సభల్లో తీర్మానం ముందే రాసుకొచ్చి వేలిముద్రలు వేయించుకునే సెక్రటరీలను చూశాం. కాంట్రాక్టరు పెట్టే భోజనం తిని చేతులెత్తే సభలనూ చూశాం. పైగా అన్ని సేవలూ ఊరు తానే చేసుకోలేదు. అంబులెన్సు ఊరు నడపలేదు, పెద్ద నీటి పథకం మోటారు కాలిపోతే బాగుచేసే మనిషి ఊళ్లో ఉండడు. అటువంటి వాటికి బయటివారిని పిలవాల్సిందే. డోలీ మోసే వారి భుజాలకు సిద్ధాంతం చెప్పి లాభం లేదు, బండి ఎవరిదైనా రావాలి. కాబట్టి అన్నిటికీ ఒకే నిషేధం అనే దాన్ని నేను ఒప్పుకోను. ఊరు చేసుకోగలిగిన పని, ఊరి మనుషులు ఇప్పటికే చేస్తున్న పని ఊరు దాటి పోకూడదు. వంట, గుడ్డు, కూరగాయ, చిరుధాన్యం, ఊడ్పు, కాపలా, బడి చిన్న మరమ్మతు ఈ జాబితాలోవి. ఆ పని చేసేవారిని కాంట్రాక్టర్లనకుండా పనివారిగా రాసి కనీస వేతనం కట్టాలి. మిగతా పెద్ద పనుల్లో టెండర్ పిలిచే ముందు ఊరికి చెప్పాలి, ఊరి అభ్యంతరం రాసుకోవాలి, దానికి జవాబు ఇవ్వాలి. పని సరిగా లేదని సభ రాస్తే బిల్లు ఆగాలి. నాకు వీటన్నిటిలో చివరిది ముఖ్యం. బిల్లు ఆగుతుందని తెలిసిన సప్లయర్ పగిలిన గుడ్డు దింపడు.

కాలిఫోర్నియా చట్టంలో విత్తనం అన్నది ఇదే. అక్కడ 45 రోజుల కబురు యూనియన్‌కు అందాలి. ఇక్కడ మన వంట అక్కలకు, ఆయాలకు కొన్నిచోట్ల యూనియన్లు ఉన్నాయి, చాలా గూడేల్లో లేవు. పంచాయతీ అంటే ఇరవై గూడేలు చెల్లాచెదురుగా ఉండే చోట్లు మనవి. కాబట్టి ఆ కబురు అందాల్సింది గూడెం స్థాయి గ్రామసభకు. మన టెండర్ నోటీసు ఈ-ప్రొక్యూర్‌మెంట్ వెబ్‌సైటులో, ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. గడువులోపు దాన్ని చూడగలిగేది మైదానంలోని ఆఫీసు గదిలో కూర్చున్నవాడే. గడువు 45 రోజులున్నా 90 రోజులున్నా, నెట్ సిగ్నల్ కోసం చెట్టెక్కాల్సిన ఊరికి ఆ నోటీసు చేరదు.

టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలు చేయగలిగే పని ఇక్కడ కొంత ఉంది. నోటీసు కాగితం మీద తెలుగులో రావాలని, బడి గోడ మీద, అంగన్‌వాడీ తలుపు మీద, జీసీసీ డిపో దగ్గర అతికించాలని పట్టుబట్టవచ్చు. సభలో దాన్ని కువిలోనో, కోయలోనో, సవరలోనో, ఆదివాసీ ఒడియాలోనో నోటితో చెప్పవచ్చు. ధర ఎంత, ఎన్నాళ్లకు, సరుకు బాగా లేకపోతే ఎవరికి ఫోను చేయాలి, ఇప్పుడు ఆ పని చేస్తున్న మనిషి ఏమవుతుంది, ఇవి అర్థమయ్యేలా చెబితే ముసలివాళ్లు మనకన్నా పదునైన ప్రశ్నలు వేస్తారు, నేను చూశాను. సభ పెట్టే రోజు మాత్రం సంత రోజు కాకుండా చూసుకోవాలి.